బడులూ, ఫైర్ స్టేషన్లూ చూడబోయే ఊరు



కోలారు, ముళబాగిలు, హోసూరు, బళ్ళారి, రాయగడ, ఇలా మన సరిహద్దు జిల్లాల్లో ఈనాడు నలుగురు కూర్చున్నచోట ఒకరి కొడుకో కూతురో అమెరికాలో ఉండడం వింత కాదు. పిల్లలు రమ్మంటారు, తల్లిదండ్రులు వెళతారు. తిరిగి వచ్చాక "ఏం చూశారు?" అని అడిగితే నయాగరా జలపాతం, న్యూయార్కు రేవులో స్వేచ్ఛాదేవి విగ్రహం, వాషింగ్టన్‌లో అధ్యక్షుడి తెల్లభవనం అని మూడు ముక్కల్లో చెప్పేస్తారు. ఆ మూడూ చూడడానికి పట్టేది పదిరోజులు. మిగిలిన ఐదు నెలల ఇరవై రోజులు ఎలా గడిపారని మనం అడగం, వాళ్ళూ చెప్పరు. ఆ మిగిలిన రోజుల గురించే ఈ ప్రసంగం.

మన పిల్లలందరూ నయాగరా పక్కన కాపురం ఉండరు గదా. ఫ్యాక్టరీ ఎక్కడుంటే అక్కడ ఉంటారు. అమెరికా నడుమ భాగంలో ఒహాయో, ఇండియానా, ఇల్లినాయి వంటి రాష్ట్రాలున్నాయి. ఆ ప్రాంతాన్ని మిడ్‌వెస్ట్ అంటారు. కంటికి ఆనినంత మేర మొక్కజొన్న, సోయా చేలు. వాటి మధ్య చిన్నచిన్న పట్టణాలు. అలాంటి పట్టణాల్లో ఒకటి ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్. జనాభా 50 వేల చిల్లర. మా అక్కగారబ్బాయి అక్కడ ఇంజనీరు. నేను బడికి వేసవి సెలవులిచ్చాక మా అక్కతో కలిసి వెళ్ళి కొన్ని వారాలు ఉండి వచ్చాను. ఆ అనుభవంతోనూ, అక్కడి గ్రంథాలయంలో కూర్చుని చదివినదానితోనూ ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. అమెరికాలో కొలంబస్ అనే పేరున్న ఊళ్ళు చాలా ఉన్నాయి. పెద్దది ఒహాయో రాష్ట్ర రాజధాని. టిక్కెట్టు కొనేటప్పుడు ఊరిపేరు ఒక్కటే చెబితే ఆ రాజధానిలో దింపుతారు. అక్కడినుంచి మన కొలంబస్ దాదాపు 200 మైళ్ళు. కాబట్టి ఇండియానాపొలిస్ విమానాశ్రయానికి టిక్కెట్టు అడగండి. ఆ నగరం నుంచి దక్షిణంగా కారులో గంట ప్రయాణం, 45 మైళ్ళు.

ఈ ఊరికి ప్రాణం ఒక డీజిల్ ఇంజన్ల కంపెనీ. పేరు కమిన్స్. 1919లో క్లెస్సీ కమిన్స్ అనే మెకానిక్, ఆ ఊరి షావుకారు డబ్ల్యూ.జి. ఇర్విన్ పెట్టుబడితో దీన్ని మొదలుపెట్టాడు. ఈ పేరు మనకు కొత్త కాదు. కరెంటు పోయినప్పుడు ఆస్పత్రుల వెనుకా, కల్యాణమంటపాల వెనుకా దడదడమనే జనరేటర్ల మీద చూసే ఉంటారు. 1962లో కిర్లోస్కర్లతో కలిసి పుణెలో ఫ్యాక్టరీ పెట్టింది కూడా ఈ కంపెనీయే. మన దేశపు ఇంజనీర్లు, వారిలో తెలుగువాళ్ళు, ఈ ఊరికి చేరడానికి కారణం ఇదే.

"చిన్నమ్మా, ఇక్కడ చూడ్డానికి ఏముంది, బడులూ బ్యాంకులే గదా" అన్నాడు మావాడు, విమానాశ్రయం నుంచి తీసుకువస్తూ. వాడన్న మాట అక్షరాలా నిజం. ఈ ఊళ్ళో కొండ లేదు, సముద్రం లేదు, వెయ్యేళ్ళ గుడి లేదు. చూడ్డానికి ఉన్నవి బడి, బ్యాంకు, లైబ్రరీ, ఫైర్ స్టేషను, పోస్టాఫీసు, చర్చి. విశేషమేమంటే వాటిని చూడ్డానికే దేశదేశాల నుంచి జనం వస్తున్నారు. అమెరికాలోని ఆర్కిటెక్టుల సంఘం ఒకప్పుడు కట్టడాల కొత్తదనానికి పేరుపొందిన నగరాలను వరుసగా పేర్కొంటూ షికాగో, న్యూయార్కు వంటి మహానగరాల తర్వాత ఆరో స్థానం ఈ చిన్న ఊరికి ఇచ్చింది. ఇక్కడి కట్టడాలు ఏడు జాతీయ చారిత్రక చిహ్నాలుగా గుర్తింపు పొందాయి. 2017లో ఈ ఊరి పేరుతోనే, ఈ కట్టడాల నడుమనే తీసిన ఒక సినిమా కూడా వచ్చింది.

ఇదంతా ఎలా జరిగిందో తెలుసుకుంటేనే చూసినది మనసుకు ఎక్కుతుంది. లేకపోతే గాజుగోడ, ఇటుకగోడ, అంతే.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికాలో పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఉన్న బడులు చాలలేదు. కొత్త బడులు తొందర తొందరగా కట్టాలి. తొందరలో కట్టినవి ఎలా ఉంటాయో మనకు వేరే చెప్పనక్కరలేదు. అప్పుడు కమిన్స్ కంపెనీ అధిపతి జె. ఇర్విన్ మిల్లర్. 1909లో పుట్టి 2004 దాకా జీవించిన మనిషి. ఆయన కంపెనీ ధర్మనిధి తరఫున ఊరి విద్యామండలికి ఒక మాట చెప్పాడు. మంచి ఆర్కిటెక్టుల పేర్లు కొన్ని జాబితాగా ఇస్తాము, వాళ్ళలో ఎవరు కావాలో మీరే ఎన్నుకోండి, ఆర్కిటెక్టుకు ఇవ్వవలసిన ఫీజు మేము ఇస్తాము అని. కట్టుబడి ఖర్చు మాత్రం ఊరిదే, జనం కట్టిన పన్నుల నుంచే. ఎలా కట్టాలి, ఎంతలో కట్టాలి అన్నదాంట్లో కంపెనీ వేలు పెట్టదు.

ఇలా వచ్చిన మొదటి బడి 1957లో తెరుచుకుంది. తర్వాత ఈ ఏర్పాటును బడులకే కాక ఊరి ప్రజలకు పనికొచ్చే ఇతర కట్టడాలకూ వర్తింపజేశారు. ఇప్పటికి యాభైకి పైగా కట్టడాలు ఈ విధంగా లేచాయి.

మిల్లర్ చేసింది వట్టి దానమని నేననను. చేల మధ్య ఉన్న చిన్న ఊరికి చదువుకున్న ఇంజనీర్లు కాపురానికి రావాలంటే వాళ్ళ పిల్లలకు మంచి బడి ఉండాలి, ఊరు ఊరుగా ఉండాలి. ఆ లెక్క ఆయనకు తెలుసు, ఆ సంగతి దాచుకోనూ లేదు. అయినా ఒక్క తేడా గమనించండి. మా కోలారు జిల్లాలో బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్. ఉంది. 1880ల నుంచి జాన్ టేలర్ కంపెనీ దాన్ని నడిపింది. 1902లోనే శివనసముద్రం నుంచి అక్కడికి కరెంటు తెచ్చారు. దొరలకు బంగళాలు, క్లబ్బు, ఆస్పత్రి ఏర్పడ్డాయి. గనిలోకి దిగేవాడికి రేకుల గుడిసెల వరుస. 2001లో గనులు మూతపడ్డాయి. కంపెనీ కట్టినదంతా కంపెనీ ఆస్తిగానే పాడుపడింది. కొలంబస్‌లో కంపెనీ ఫీజు ఇచ్చి పక్కకు తప్పుకుంది, కట్టడం మాత్రం ఊరి ఆస్తి అయింది. ఎవరి పన్నుతో కట్టారో వాళ్ళదే. ఆ వీధుల్లో తిరిగినన్ని రోజులూ నాకు రాబర్ట్‌సన్‌పేట గుర్తుకు వస్తూనే ఉంది.

సరే, ఇక ఊళ్ళోకి వెళదాం. అమెరికాలో కారు లేనివాడు కాలు లేనివాడితో సమానమని అంటారు. కాని ఈ ఊరి నడిబొడ్డు మాత్రం నడిచి చూడదగ్గది. మావాడు పొద్దున్నే ఆఫీసుకు పోతూ మమ్మల్ని ఐదో వీధిలో దింపేవాడు, మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చి తీసుకుపోయేవాడు. ఊరి బస్సులు కూడా ఉన్నాయి. వాటి వేళలు ముందుగా కనుక్కోవాలి.

ఐదో వీధిలోనే సందర్శకుల కేంద్రం ఉంది. పాతకాలపు ఇటుక ఇల్లు. లోపల మెట్లకు ఎదురుగా పసుపుపచ్చ గాజు తీగలు మెలికలు తిరిగినట్టు ఒక పెద్ద గాజు దీపాలంకారం వేలాడుతుంది. డేల్ చిహూలి అనే గాజు శిల్పి చేసినది. ఇక్కడ ఊరి పటం తీసుకోండి. టిక్కెట్టు కొంటే బస్సులో తిప్పి వివరించే వాళ్ళున్నారు. ఎక్కువ దూరం నడవలేని పెద్దవాళ్ళకు అది సుఖం. మొదటిరోజు బస్సులో తిరిగి, నచ్చినవాటిని తర్వాత నెమ్మదిగా నడిచి చూడడం మంచిదని నా సలహా.

బయటకు రాగానే ప్రజా గ్రంథాలయం. 1969లో కట్టారు. గీసినవాడు ఐ.ఎం. పే. తర్వాత కాలంలో పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముందు గాజు పిరమిడ్ నిలబెట్టినది ఈయనే. ఎర్ర ఇటుకల లైబ్రరీ, దాని ముందు ఎర్ర ఇటుకలే పరిచిన విశాలమైన ముంగిలి, ఆ ముంగిట్లో ఇరవై అడుగుల ఎత్తు కంచు తోరణం. హెన్రీ మూర్ అనే ఇంగ్లీషు శిల్పి చేసినది, 1971లో నిలిపారు. పచ్చబారిన పెద్ద ఎముకల జతలా ఉంటుంది. చుట్టూ కంచె లేదు, ముట్టుకోరాదన్న బోర్డు నా కంటపడలేదు. పిల్లలు దాని కిందనుంచి పరుగెత్తుతుంటారు. జనం దాని కిందుగా నడవాలన్నదే అక్కడ పెట్టించినవాళ్ళ ఉద్దేశం.

ఈ లైబ్రరీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మా అక్క మొదటిసారి అమెరికా వెళ్ళింది నవంబరులో, కోడలికి కాన్పని. మార్చి వరకు ఉంది. బయట మంచు, లోపల నాలుగు గోడలు. కొడుకూ కోడలూ పనికి పోతే మాట్లాడే మనిషి లేడు. "జైల్లో ఉన్నవాడికైనా ములాఖత్ ఉంటుంది" అంది తిరిగి వచ్చాక. ఇంక జన్మలో పోనంది. ఈసారి నేను తోడున్నానని వచ్చింది. లైబ్రరీలో ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, నువ్వెవరని అడగరు, ఏమీ కొననక్కరలేదు. వెచ్చగా ఉంటుంది, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది, కిటికీ పక్కన కుర్చీలుంటాయి. పిల్లలకు కథలు చదివి వినిపించే రోజులుంటాయి, మనవరాలిని తీసుకుపోయి కూర్చుంటే ఆ కథలు మనకూ కొంత అర్థమవుతాయి. అక్కకు ఇంగ్లీషు రాదు. రెండో వారానికల్లా అక్కడ రోజూ కనబడే ఒక ముసలమ్మతో సైగలతో స్నేహం చేసింది. ఇద్దరూ అల్లికల గురించే మాట్లాడుకునేవారు, అదీ చేతులతోనే. అమెరికాకు వెళ్ళే తల్లులు నయాగరా చూడకపోయినా ఫరవాలేదు, దిగిన వారంలోనే ఆ ఊరి లైబ్రరీకి దారి తెలుసుకోవాలి. తెలుగు పుస్తకాలు మాత్రం నాలుగు మీ సంచీలో మీరే పెట్టుకు వెళ్ళండి.

లైబ్రరీకి ఎదురుగా ఫస్ట్ క్రిస్టియన్ చర్చి. 1942లో కట్టినది. ఫిన్లండు నుంచి వచ్చిన ఎలియెల్ సారినెన్ గీశాడు. చర్చి అంటే మన కళ్ళకు కూచి గోపురాలు, రంగురంగుల అద్దాలు గదా. ఇది అలా కాదు. నేరుగా దిగిన గోడలు, పక్కన విడిగా 166 అడుగుల చదరపు స్తంభంలాంటి గంటగోపురం. అమెరికాలో ఇలా కొత్త పద్ధతిలో కట్టిన తొలి చర్చిలలో ఇది ఒకటి. ఊళ్ళో ఈ కొత్త కట్టడాల కథకు నాంది ఇదే. ఎలియెల్ కొడుకు ఈరో సారినెన్. సెయింట్ లూయీ నగరంలో ఆకాశాన్నంటే ఉక్కు తోరణం గీసినవాడు ఆయనే. ఆ కొడుకు ఈ ఊళ్ళో 1954లో ఒక బ్యాంకు, 1957లో మిల్లర్ కుటుంబానికి ఇల్లు, చివరగా ఇంకొక చర్చి కట్టాడు. ఒక్క ఊళ్ళో తండ్రి చేతిపనీ కొడుకు చేతిపనీ పక్కపక్కన చూడడం అరుదైన విషయం.

బ్యాంకు చూడండి. ఆ రోజుల్లో బ్యాంకు అంటే రాతిస్తంభాలు, ఇనుప కటకటాలు, కోటలాంటి కట్టడం. ఈరో దాన్ని చుట్టూ గాజుగోడలతో ఒకే అంతస్తుగా, పైకప్పులో తొమ్మిది చిన్న గుమ్మటాలతో కట్టాడు. వీధిలో పోయేవాడికి లోపల ఉన్నవాడు కనబడతాడు. భయపడకుండా లోపలికి రావాలన్నది ఆలోచన. అయితే కట్టడం నిలిచినంతగా బ్యాంకు నిలవలేదు. 2009లో ఆ బ్యాంకు దివాలా తీసింది. తర్వాత దాన్ని సమావేశాల భవనంగా వాడారు.

అక్కడికి దగ్గర్లోనే కమిన్స్ ప్రధాన కార్యాలయం. దాని ముందు హాల్లో ఒక డీజిల్ ఇంజను భాగాలన్నీ విడదీసి, ప్రతి బోల్టూ ప్రతి పిస్టనూ తన చోటులోనే గాల్లో నిలిచినట్టు వేలాడదీశారు. మెకానిక్కు పని తెలిసినవాళ్ళు దాని ముందునుంచి కదలరు. ఇదే కంపెనీ డీజిల్ కారు 1931లో ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెంలో ఎక్కడా ఆగకుండా మొత్తం దూరం పరుగెత్తింది. లోపలికి అనుమతి ఉన్నదీ లేనిదీ సందర్శకుల కేంద్రంలో అడిగి వెళ్ళండి.

నడిచి నడిచి అలసిపోతే వాషింగ్టన్ వీధిలో జహారకోస్ అనే ఐస్‌క్రీం అంగడి ఉంది. గ్రీసు దేశం నుంచి వచ్చిన అన్నదమ్ములు 1900లో పెట్టినది. పాతకాలపు చలువరాతి బల్లలు, సోడా పంపులు, తనంతట తానే వాయించుకునే పెద్ద వాద్యపు పెట్టె ఒకటి, 1908 నాటిది. దాన్ని మోగించినప్పుడు డోలు, వేణువులు, తాళాలు అన్నీ ఒక్కసారి మొదలవుతాయి. జాతరలో మేళంలాగే ఉందన్నది అక్క. ఈ అంగడి కొన్నేళ్ళు మూతపడి, 2009లో మరమ్మతులతో మళ్ళీ తెరుచుకుంది.

చిన్నపిల్లలు వెంట ఉంటే అదే వీధిలో కామన్స్ అనే భవనానికి పోవాలి. పైకప్పు కింద పిల్లలు ఎక్కి దిగి ఆడుకునే చోటు, చలికాలానికి వరం. నడుమ జాన్ టింగ్లీ అనే శిల్పి 1974లో చేసిన ముప్పై అడుగుల ఇనుప యంత్రం ఉంది, పేరు గందరగోళం అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాట. చక్రాలు తిరుగుతాయి, గుండ్లు దొర్లుతాయి, పని మాత్రం ఏమీ చేయదు. కౌలాలంపూరు జంట గోపురాలు గీసిన సీజర్ పెల్లి 1973లో ఇక్కడ కట్టిన మొదటి భవనాన్ని తర్వాత చాలావరకు పడగొట్టి 2011లో కొత్తది కట్టారు. యంత్రాన్ని మాత్రం కదపలేదు. దాన్ని పెట్టుకునే చుట్టూ కట్టారు.

రెండో వీధి చివర 1874 నాటి కోర్టు కచేరి. దాని పక్కనే ఆ జిల్లా నుంచి యుద్ధాలకు వెళ్ళి తిరిగిరాని సైనికుల జ్ఞాపకంగా 1997లో నిలిపిన ఇరవై అయిదు సున్నపురాతి స్తంభాలు, ఒక్కొక్కటి 40 అడుగులు. న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ భవనానికి రాయి వెళ్ళింది ఈ ఇండియానా గనుల నుంచే. దూరం నుంచి చూస్తే ఒకే ముద్దగా కనిపిస్తాయి. వాటి నడుమకు వెళితే లోపలి ముఖాల మీద పేర్లు, వాటితోపాటు ఆ కుర్రాళ్ళు యుద్ధభూమి నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు చెక్కి ఉన్నాయి. అమ్మకు రాసినవి, ఇంట్లోవాళ్ళకు రాసినవి. నేను చదివి అక్కకు తెలుగులో చెప్పాను. మూడో ఉత్తరం దగ్గర "చాలు, ఇంక చెప్పొద్దు" అంది. ఆ రోజు ఇంకేమీ చూడలేదు.

టీచరును కాబట్టి నాకు బడుల మీదే మనసు. మొదట కట్టిన బడి లిలియన్ ష్మిట్ ప్రాథమిక పాఠశాల, హ్యారీ వీస్ గీసినది. తరగతి గదికొక కప్పు, ఒక్కొక్కటి చిన్న ఇల్లులా వరుసగా ఉంటాయి. ఆరేళ్ళ పిల్లవాడు ఇల్లు విడిచి మొదటిసారి వచ్చేది బడికే గదా, అది వాడి కంటికి ఇల్లులా ఉండాలన్న ఆలోచన. 1960 నాటి మక్‌డోవెల్ బడిలో గదులు విడివిడి కుటీరాల్లా ముంగిలి చుట్టూ ఉంటాయి. 1967 నాటి లింకన్ బడి చుట్టూ చెట్ల వలయం. మన ఊళ్ళలో బడి కడితే పై ఆఫీసు నుంచి ఒకటే ప్లాను వస్తుంది, కొండమీద ఊరికైనా వంకపక్క ఊరికైనా అదే. కిటికీ ఎత్తు కూర్చున్న పిల్లల కళ్ళకు అందేట్టు ఉందా అని అడిగినవాళ్ళను నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో చూడలేదు. బి.ఎడ్.లో మాత్రం బడి వాతావరణమని ఒక పాఠం చదివి పరీక్ష రాశాం. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, బడి నడిచే వేళల్లో లోపలికి వెళ్ళనివ్వరు. అది న్యాయమే. సెలవురోజున బయట నుంచి చూడాలి.

ఫైర్ స్టేషన్లు ఊరికి నాలుగు పక్కలా ఉన్నాయి, కారులో తిరిగి చూడాలి. 1968లో రాబర్ట్ వెంచూరి గీసిన నాలుగో నంబరు స్టేషను సాదాగా ఉంటుంది, పైన పెద్ద అక్షరంతో 4 అని. నాకు నచ్చింది ఐదో నంబరు, 1987లో సుసానా టోరే అనే ఆవిడ గీసినది. అంతకుముందు ఫైర్ స్టేషన్లలో మగవాళ్ళందరూ ఒకే హాల్లో పడుకునే పద్ధతి. ఆడవాళ్ళు కూడా ఆ ఉద్యోగంలోకి రావాలంటే ఆ హాలు పోవాలని గ్రహించి ఆవిడ విడివిడి గదులు పెట్టింది. మన ఆడపిల్లలు బడి మానేయడానికి మరుగుదొడ్డి లేకపోవడం ఎంత కారణమో తెలిసినవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కరలేదు.

మిల్లర్ ఇంటిని చూడాలంటే ముందుగా టిక్కెట్టు తీసుకోవాలి, సందర్శకుల కేంద్రం నుంచే చిన్న బస్సులో తీసుకువెళతారు. మిల్లర్ భార్య 2008లో పోయాక పిల్లలు ఆ ఇంటిని ఇండియానాపొలిస్ కళా మ్యూజియానికి ఇచ్చేశారు, 2011 నుంచి జనానికి చూపుతున్నారు. హాలు నడుమ నేల లోతుకు దించి, చుట్టూ మెత్తలు పరిచి కూర్చునే చోటు చేశారు. మన తొట్టికట్టు ఇళ్ళు గుర్తుకొస్తాయి, వాన పడే చోట మనుషులు కూర్చున్నారనుకోండి. తోట గీసినది డాన్ కైలీ. చెట్లు సిపాయిల్లా వరుసగా నిలబడి ఉంటాయి. ఇల్లు అందమైనదే, కాని నా మాట అడిగితే ఒక్కరోజే ఉన్నవాళ్ళు ఇంటిని వదిలి ఊరిని చూడాలి. డబ్బున్నవాడు మంచి ఇల్లు కట్టుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే.

ఈరో సారినెన్ చివరి కట్టడాల్లో ఒకటి నార్త్ క్రిస్టియన్ చర్చి, ఊరికి ఉత్తరాన. ఆరుకోణాల కట్టడం, నడుమనుంచి సూదిలా 192 అడుగుల శిఖరం. ఆయన 1961లో చనిపోయాక 1964లో పూర్తయింది. దేశమంతటా పేరున్న ఈ చర్చికి ఏడాదికేడాది వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఉన్న కొద్దిమందితో అంత పెద్ద కట్టడానికి మరమ్మతులు ఎలా? 2022లో ఆఖరి ప్రార్థన జరిపి మూసేశారు. తర్వాత దాన్ని ప్రజా గ్రంథాలయం చేతికి అప్పగించే ఏర్పాటు జరిగింది. ఊళ్ళోవాళ్ళకు ఇప్పుడు ఉన్న పెద్ద బెంగ ఇదే. కట్టడానికి ఫీజు ఇచ్చేవాడు దొరికాడు, అరవై ఏళ్ళ తర్వాత కప్పు కారితే ఇచ్చేవాడెవడు? 2017 నుంచి ఏడాది విడిచి ఏడాది కొత్త కళాకారులను పిలిచి, ఈ పాత కట్టడాల ముంగిళ్ళలో కొన్ని నెలల పాటు నిలిచే నిర్మాణాలు చేయిస్తున్నారు, జనం కన్ను వీటిమీదనుంచి పోకుండా. బేసి సంవత్సరంలో ఆగస్టు చివరి నుంచి వెళ్ళేవాళ్ళకు అది అదనపు లాభం.

సాయంత్రాలకు మిల్ రేస్ పార్కు. రెండు ఏళ్ళు కలిసేచోట ఉంది. ఒకప్పుడు అక్కడ తోళ్ళ కార్ఖానా, పేదల గుడిసెలు ఉండేవి. వరద వస్తే మునిగేది. 1990ల మొదట్లో పార్కుగా తీర్చిదిద్దినప్పుడు వరదను అడ్డుకునే ప్రయత్నం చేయలేదు. నీళ్ళు వస్తే వచ్చి, తీస్తే తీసిపోయేట్టు కట్టారు. గుండ్రని చెరువు, కప్పు ఉన్న పాతకాలపు కొయ్య వంతెన, 84 అడుగుల గోపురం ఉన్నాయి.  నీటి సంగతి తమాషా కాదు. 2008 జూన్‌లో వచ్చిన వరదకు ఊరి ఆస్పత్రే మునిగి, రోగులను ఖాళీ చేయించి, నెలల తరబడి మూసెయ్యాల్సి వచ్చింది.

పడమరగా 16 మైళ్ళ దూరంలో బ్రౌన్ కౌంటీ కొండలు. చదునైన ఇండియానాలో అవే కొండలు అనుకోవాలి. నాష్‌విల్ అనే చిన్న ఊరు, 1907లో టి.సి. స్టీల్ అనే చిత్రకారుడు ఆ ప్రాంతంలో స్థిరపడినప్పటి నుంచి బొమ్మలు గీసేవాళ్ళ ఊరైంది. దాని పక్కనే రాష్ట్రంలోకెల్లా పెద్ద పార్కు, అడవి. అక్టోబరు నడుమ చెట్ల ఆకులన్నీ ఎరుపు, పసుపు, ఇటుకరంగు తిరుగుతాయి. ఆదివారాల్లో కార్లు బారులు తీరతాయి కాబట్టి మామూలు రోజున వెళ్ళాలి. గుడికి వెళ్ళాలనుకుంటే ఇండియానాపొలిస్‌లో హిందూ దేవాలయం ఉంది.

ఎప్పుడు వెళ్ళాలంటే మే నుంచి అక్టోబరు దాకా. జూన్‌లో రాత్రి 9 దాటినా వెలుగు ఉంటుంది, అక్క దానికి అలవాటు పడలేక దీపం పెట్టే వేళ ఏదో రోజూ గడియారం చూసి చెప్పమనేది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గడ్డకట్టే చలి, పెద్దవాళ్ళు మంచుమీద జారితే నడుం విరిగే ప్రమాదం. మందులు, డాక్టరు చీటీ, వైద్యబీమా ఇక్కడినుంచే సిద్ధం చేసుకోండి. మంచి నడక బూట్లు కొనుక్కోండి, చెప్పులతో ఆ దూరాలు తిరగలేరు. ఇంట్లో మనవళ్ళ బడి ఏ పక్క ఉందో, దాన్ని ఎవరు కట్టారో పిల్లల్ని అడగండి. మావాడికి ఆరేళ్ళుగా అక్కడున్నా తెలియదు, వాళ్ళమ్మ ఇప్పుడు చెబుతోంది.